బాగున్నాయని రాశాను

సన్నదిబ్బ కుప్పం,
డిసెంబరు 8

సిద్ధక్కకు ఆనందమ్మ నమస్కారాలు.

పెట్టె మూత తీయగానే ముందు ఈ కాగితం చదవండి. ఆలిచిప్పలు తర్వాత ముట్టుకోండి.

మొన్న గురువారం తెల్లారేసరికి మా సరస్సులోకి నూనె వచ్చింది. సముద్రంలో ఏదో ఓడ నుంచి కారిందంటున్నారు. ఆ ఓడ ఎవరిదో చెప్పేవాళ్లు లేరు. పోటు నీళ్లతోపాటే సరస్సు సముద్రంలో కలిసే మొగలోంచి లోపలికి వచ్చేసింది. మొదట నీళ్లమీద రంగులు రంగులుగా కనిపించింది. మధ్యాహ్నానికి రోడ్డు వేసే తారులా నల్లగా, చిక్కగా ఒడ్డుకు పట్టింది. నేను మోకాళ్లదాకా దిగి చూశాను. కాళ్లకు అంటిన జిడ్డు కిరసనాయిలు పెట్టి రుద్దితేగాని పోలేదు. దక్షిణపు దిబ్బ మీది చిప్పలన్నీ నల్లబడ్డాయి. వాటిమీద ఆశ వదులుకున్నాం.

మీకు తెలుసు, మగవాళ్లకైతే పడవలు, వలలు ఉన్నాయి. మా జాలరుల కుప్పంలో ఆడవాళ్లం నలభై మందిమి ఈ ఆలిచిప్పలు ఏరుకునే బతుకుతున్నాం. ఇప్పుడు మిగిలింది ఉత్తరపు దిబ్బ ఒక్కటే. అక్కడ నీళ్లమీద నూనె కనిపించలేదు. ఈ పెట్టెలోవి అక్కడివే. కానీ నాకు నమ్మకం కుదరడం లేదు. నాలుగు రోజులుగా కుప్పమంతా అదే వాసన. అన్నంలో, చీరలో, పిల్లల తలల్లో కూడా అదే. చిప్ప తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే, వాసన దానిలో ఉందో నా ముక్కులోనే ఉందో తెలియడం లేదు. మీ దగ్గర గాలి మంచిది. వండి, రుచి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయండి.

మా వాళ్లను అడిగితే ఏం లేదులే అంటారు. పందొమ్మిదో ఏట జ్వరంలో నా చెవులు పోయినప్పటి నుంచి అందరూ నాకు మంచిమాటలే చెబుతారు. మా అమ్మ చనిపోయిన రోజు కూడా ఒంట్లో బాగలేదని మాత్రమే కాగితం మీద రాసి చూపించి బస్సెక్కించారు. నేను అక్కడ దిగి, వాకిట్లో జనాన్ని చూసి తెలుసుకున్నాను. మీరు అలా కాదు. ఐదేళ్లుగా సరుకు మోసే మునిచంద్ర వ్యానులో, ఈ ఐసు పెట్టెల్లోనే మన ఉత్తరాలు వచ్చి పోతున్నాయి. చిప్పలు చిన్నవైతే చిన్నవని రాశారు, ఇసుక ఉంటే ఉందని రాశారు. మనం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అయినా ఈ మాట అడగడానికి నాకు మీరు తప్ప ఎవరూ లేరు.

ఇవి కూడా పాడైపోయి ఉంటే ఇక మాకు దిబ్బ లేదు.

మీ చెల్లెలు,
ఆనందమ్మ


బంగారుపాళ్యం,
డిసెంబరు 12

ఆనందమ్మా,

నీ ఉత్తరం చదివిన తర్వాతే పెట్టెలో చెయ్యి పెట్టాను. టీవీలో మీ సరస్సును చూపించారు. నల్లటి నీళ్లలో ఒక కొంగ రెక్కలు విప్పలేక నిలబడి ఉంది. చూడలేక కట్టేశాను.

నువ్వు అడిగిన సంగతి. చిప్పలు బాగున్నాయి. రెండు నీళ్లు కడిగి, మిరియాలు దంచి వేసి, ఎప్పటిలాగే వేపుడు చేశాను. ఏ వాసనా లేదు. మన మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాపలా పనిచేసి మానుకున్న గురప్ప మామ ఉన్నాడే, ఆదివారం ఆదివారం వస్తాడని రాస్తుంటాను, ఆయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. బెంగళూరు పోయే కారులో వాళ్లు కూడా తిని బాగుందన్నారు. నేనూ తిన్నాను. నువ్వు ఊరికే బెంగ పెట్టుకోవద్దు.

మా ప్రతాప్ హైవే పక్కన కొత్త బోర్డు పెట్టించాడు. సిద్ధమ్మ చేపల మెస్ అని ఎంత పెద్ద అక్షరాలంటే, ఆ పేరు కింద నిలబడటానికి నాకే సిగ్గుగా ఉంది. మీ అమ్మాయి భానుశ్రీకి నర్సింగు పరీక్షలు ఎప్పుడు? ఈ గొడవలో పడి ఆ పిల్ల చదువు ఆపించకు.

ధైర్యంగా ఉండు. నూనె ఎన్నాళ్లుంటుంది, వచ్చినట్టే పోతుంది.

నీ అక్క,
సిద్ధమ్మ


సన్నదిబ్బ కుప్పం,
డిసెంబరు 19

సిద్ధక్కకు,

మీ ఉత్తరం చదివి, ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ చదివాను.

వలల గుడిసె దగ్గర ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టాను. భానుశ్రీ సెలవులకు ఇంట్లోనే ఉంది. మీ ఉత్తరం పైకి చదివి వినిపించింది. నేను వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాను. గురప్ప మామ రెండుసార్లు పెట్టించుకున్నాడన్న చోట అందరూ నవ్వారు. నూనె వచ్చినప్పటి నుంచి మా కుప్పంలో నవ్వు చూడలేదు. కావేరి అని మా పక్కింటామె, ఇద్దరు చంటిపిల్లల తల్లి, ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది.

మరునాటి నుంచి నలభై మందిమీ ఉత్తరపు దిబ్బకే పోతున్నాం. రెండు గంటలు నీళ్లలో నడవాలి. అయినా చిప్పలు నిండుగా ఉన్నాయి. తడలో సరుకు కొనే ఏజెంటు చిన్నబ్బ మొదట వద్దన్నాడు. మీరు తిన్నారని చెప్పించాక ఒప్పుకున్నాడు. తిరుపతిలో పెద్ద లాడ్జీలకు వేస్తానన్నాడు. మా ఇంట్లో కూడా ఇప్పుడు అవే కూర. చేపలు ఎవరికీ పడటం లేదు కదా.

చేతులు కొంచెం మండుతున్నాయి. ఉప్పునీళ్లకు అనుకుంటాను.

ఈ వారం మీ దగ్గర నుంచి ఆర్డరు రాలేదని మునిచంద్ర రాసి చూపించాడు. మరిచిపోయారా? రెండు పెట్టెలు మీకోసం విడిగా ఉంచాను.

మీ చెల్లెలు,
ఆనందమ్మ


బంగారుపాళ్యం,
డిసెంబరు 26

ఆనందమ్మా,

ఆర్డరు మరిచిపోలేదు. ఇది ధనుర్మాసం. పైగా ఊళ్లో సగం మంది అయ్యప్ప మాలలో ఉన్నారు. చేపలు తినేవాళ్లు తక్కువ. అందుకని నెల రోజులు నాకు చిప్పలు వద్దు. పెట్టెలు పంపకు.

ఒక మాట. అన్ని చిప్పలు ఏరడం ఎందుకు, దిబ్బకు కొంచెం విశ్రాంతి ఇవ్వరాదా? మీ ఇంట్లో కూడా రోజూ అవే తినకండి. మీ అత్తగారు పెద్దావిడ, ఆమెకు అరగవు. నీ చేతులు మండుతున్నాయని రాశావు. సబ్బుతో కడుక్కుని కొబ్బరినూనె రాసుకో. నాలుగు రోజులు నీళ్లలో దిగకు. నా మాట విను.

ఈ ఉత్తరం చిన్నదైంది, ఏమీ అనుకోకు. రెండు మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

సిద్ధమ్మ


సన్నదిబ్బ కుప్పం,
జనవరి 8

సిద్ధక్కా,

ఏం జరిగిందో వరసగా రాస్తాను. చేతులు మండుతున్నాయి, అక్షరాలు బాగుండకపోతే క్షమించండి.

మూడో తారీఖున తిరుపతిలో ఒక లాడ్జిలో ఏదో మీటింగుకు వచ్చినవాళ్లు దిగారు. వాళ్లకు చిన్నబ్బ వేసిన మా చిప్పలు వండి పెట్టారు. పదకొండు మందికి వాంతులు పట్టుకున్నాయి. వాళ్లలో ఒక పెద్దాయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. చిన్నబ్బ మనుషులను వెంటబెట్టుకుని వచ్చి, కుప్పం నడిమధ్య నిలబడి అరిచాడు. నాకు వినపడలేదు. కానీ ఆయన వేలు నావైపే చూపిస్తోంది. అప్పటికే మా అత్తకు రెండు రోజులుగా కడుపులో ఏదీ నిలవడం లేదు. కావేరి చిన్నబిడ్డకూ అంతే. చిప్పలు తిన్న తల్లి పాలు తాగింది కదా. ఏరిన వాళ్లందరి చేతులమీదా పొక్కులు లేచాయి. భానుశ్రీ మందు తెచ్చి అందరికీ రాస్తోంది.

ఇప్పుడు మా సరస్సు పేరు చెబితే ఏ ఊళ్లోనూ రొయ్య కూడా కొనడం లేదు. నూనె అంటని చోట పట్టిన చేపను కూడా వద్దంటున్నారు. వలలవాళ్లు మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంటున్నారు. మా ఆడవాళ్లు నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉంది.

ఒక్కటే అర్థం కావడం లేదు. మీరు తిన్నారు, గురప్ప మామ తిన్నాడు, కారులో వాళ్లు తిన్నారు. మీకెవరికీ ఏమీ కాలేదు. అధికారులు వచ్చి అడిగితే అదే చెప్పాను. బంగారుపాళ్యంలో మా అక్క తినిందని, తిని నిజం రాసిందని చెప్పాను. మరి ఇది ఎట్లా జరిగింది?

ఆనందమ్మ


బంగారుపాళ్యం,
జనవరి 12

ఆనందమ్మా,

నేను తినలేదు.

ఆ రోజు మెస్ వెనక పెట్టె మూత తీయగానే, పంపు స్టవ్వు కారిపోయినట్టు వాసన కొట్టింది. అయినా ఒకటి వండాను. నోట్లో పెట్టుకుని ఊసేశాను. పెట్టెడూ తీసుకుపోయి గొయ్యి తీసి పూడ్చేశాను. గురప్ప మామ రెండుసార్లు పెట్టించుకున్నది కోడిగుడ్ల పులుసు. కారులో వాళ్లు ఎవరూ రాలేదు. టీవీలో చూపించినప్పటి నుంచి మా మెస్ ముందు కారు ఆగడమే తగ్గిపోయింది. నీకు రాయలేదు, అంతే. మాకు చేపలు నెల్లూరు చెరువుల నుంచి వస్తాయని ప్రతాప్ ఎంత చెప్పినా ఎవరూ వినడం లేదు.

ఎందుకు అబద్ధం రాశానని నువ్వు అడుగుతావు. నీ ఉత్తరంలో ఆఖరి మాట, ఇవి కూడా పాడైపోయి ఉంటే ఇక మాకు దిబ్బ లేదని. దానికింద పాడైపోయాయి అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఎక్కడో సముద్రం పక్కన, వినపడని మనిషి, ఆ కాగితం పట్టుకుని ఒంటరిగా చదువుకుంటుందని కళ్లకు కట్టింది. వారంలో నూనె పోతుందిలే, అంతదాకా నేను ఆర్డరు పెట్టకపోతే సరిపోతుందిలే అనుకున్నాను. ఆ కాగితం నువ్వు నలభై మందికి చదివిస్తావని తోచలేదు. నువ్వు రాశాక తెలిసింది. తెలిసీ ధనుర్మాసమని, అరగవని సాకులు రాశాను. అదే పెద్ద తప్పు. మొదటిది జాలితో చేశాననుకున్నా, రెండోది పిరికితనంతో చేశాను.

మీ అత్తగారి ఒంట్లో, ఆ పసిబిడ్డకు ఎలా ఉందో ఎవరి చేతనైనా రాయించు. నువ్వు రాయకపోయినా సరే.

సిద్ధమ్మ


సన్నదిబ్బ కుప్పం,
జనవరి 20

సిద్ధమ్మ గారికి,

మా అత్త లేచి తిరుగుతోంది. కావేరి బిడ్డ కోలుకుంది. తిరుపతిలో పెద్దాయన ఇంటికి వెళ్లాడని విన్నాం.

నాకు చెవులు లేవని జాలిపడేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. మీ దగ్గర నేను అడిగింది అది కాదు.

ఇకమీదట మునిచంద్ర వ్యానులో కాగితాలు పంపవద్దు.

ఆనందమ్మ


బంగారుపాళ్యం,
ఫిబ్రవరి 16

ఆనందమ్మా,

వద్దన్నావు కాబట్టి పోస్టులో వేస్తున్నాను. చదవకుండా పక్కన పెట్టినా నాకు బాధ లేదు. నీకు తెలియకుండా మాత్రం ఏమీ చేయకూడదని రాస్తున్నాను.

ఇరవై రెండో తారీఖున తడ కల్యాణమండపంలో అధికారులు సభ పెడుతున్నారని మునిచంద్ర చెప్పాడు. పాడైన సరుకని తెలిసే అమ్మారని చెప్పి, మీ ఆడవాళ్ల పేర్లు నూనెతో నష్టపోయినవాళ్లకు డబ్బిచ్చే సాయం జాబితాలో నుంచి తీసేస్తారట. ముందు నీ పేరే ఉందట.

నేను ఆ సభకు వస్తున్నాను. జరిగింది చెబుతాను. నిన్ను పలకరించడానికి ప్రయత్నించను.

ప్రతాప్‌కు చెప్పాను. వాడు బయటికెళ్లి బోర్డు వైపు చూసి వచ్చాడు. తర్వాత, "అమ్మా, నువ్వు ఆడ పోయి చెప్తే మన మెస్ పేరు కూడా పేపర్లో ఎక్కుతాది. ఉండే నలుగురూ రాకుండా పోతారు," అన్నాడు. వాడి మాట నిజమే. వాడి పెళ్లాం జాహ్నవి మాత్రం నా చీర ఇస్త్రీ చేసి పెట్టింది.

సిద్ధమ్మ


సన్నదిబ్బ కుప్పం,
ఫిబ్రవరి 25

సిద్ధక్కకు,

మీరు ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదు.

ఐదేళ్లుగా నా మనసులో మీరు పొడుగ్గా, ఎర్రగా, పెద్ద గొంతుతో ఉండేవారు. వినపడనిదాన్ని, గొంతు పెద్దదని ఎందుకు అనుకున్నానో తెలియదు. ఆ రోజు మండపంలో వెనక వరసలో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆవిడ మీరని నేను గుర్తుపట్టలేదు. మీరు లేచి నిలబడ్డాక, మా ముందువాళ్లంతా వెనక్కి తిరిగాక చూశాను.

భానుశ్రీ నా పక్కన నోటుపుస్తకంలో ఎవరేం మాట్లాడుతున్నారో రాస్తూ ఉంది. అప్పటిదాకా రాసినవన్నీ మామూలు మాటలు. ఓడ వివరాలు విచారణలో ఉన్నాయని ఒక అధికారి, తనకేమీ తెలియదని చిన్నబ్బ. తర్వాత నా పేరు చదివారు. తెలిసి అమ్మినందుకు జాబితాలోంచి తీసేస్తున్నామన్నారు. అప్పుడు మీరు లేచారు. మీ పెదవులు కదులుతున్నాయి. అంత దూరం నుంచి ఒక్క అక్షరమూ అర్థం కాలేదు. భానుశ్రీ రాయడం ఆపేసి మీ వైపే చూస్తుంటే, దాని చెయ్యి గిల్లాను. అది రాసిన కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. మీరు అన్నట్టే రాసింది.

"సార్, నాది బంగారుపాళ్యం. చేపల మెస్ పెట్టుకోనుండాను. ఈ ఆనందమ్మ తెలిసి అమ్మలేదు. అమ్మక ముందే నాకు ఒక పెట్టె పంపి, బాగుండాయా లేదా చూసి నిజం చెప్పమని అడిగింది. నేను వాసన చూసినాను, నోట్లో పెట్టుకుని ఊసేసినాను. ఊసేసి, బాగుండాయని రాసినాను. నా మాట నమ్మి వీళ్లు దిబ్బకు పోయినారు. పేరు కొట్టేయాలంటే నాది కొట్టేయండి. కేసు పెట్టాలంటే నామీద పెట్టండి."

అధికారి మిమ్మల్ని ఏదో అడిగాడు. మీ పేరు, మెస్ పేరు, ఊరు చెప్పారని భానుశ్రీ రాసింది. పేపరాయన ఫోటో తీశాడు. మీరు ముఖం దాచుకోలేదు. తర్వాత కావేరి లేచి, మీ ఉత్తరం తను కూడా విన్నదని, గురప్ప మామ రెండుసార్లు పెట్టించుకున్నాడని కూడా అందులో ఉందని చెప్పింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఆడవాళ్లం అంతమందిమి అధికారుల ముందు లేచి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. మా పేర్లు తీయలేదు అక్కా. పడవలు లేకపోయినా ఏరేవాళ్లకు కూడా సాయం ఇస్తామన్నారు. ఇస్తారో లేదో చూడాలి.

నేను జనం మధ్యలోంచి బయటికి వచ్చేసరికి మీరు బస్టాండు దాకా వెళ్లిపోయారు. కదులుతున్న బస్సులో కిటికీ పక్కన కనిపించారు. చెయ్యి ఎత్తాను. మీరు చూశారో లేదో తెలియదు.

కోపం పోయిందని రాయను. మీకు అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు. సగం పోయింది. కాగితాలు మళ్లీ వ్యానులోనే పంపండి. పోస్టు చాలా ఆలస్యమవుతోంది.

ఆనందమ్మ


బంగారుపాళ్యం,
మార్చి 10

ఆనందమ్మా,

చెయ్యి ఎత్తింది చూశాను. నువ్వేనా, వేరే ఎవరైనా నాకు ఎత్తుతున్నారా అని సందేహపడి, నేను ఎత్తేలోపల బస్సు మలుపు తిరిగిపోయింది. అది నువ్వేనని నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. ఆ రోజు బస్సులో శ్రీకాళహస్తి దాకా అదే ఆలోచన. మండపంలో మాట్లాడి కూర్చున్నాక, ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నాను. అంతమందిలో ఎప్పుడూ మాట్లాడి ఎరగను. ఒకటి చెబితే నవ్వుతావు. లేచి నిలబడ్డాక కూడా, ఇంత గట్టిగా చెబుతున్నాను కదా, ఆనందమ్మకు వినపడుతుందని అనుకున్నాను.

ప్రతాప్ చెప్పినట్టే పేపర్లో వచ్చింది. నా ఫోటో, మెస్ పేరు, అన్నీ. రెండు వారాలు ఒక్క కారూ ఆగలేదు. ప్రతాప్ అంత పెద్ద బోర్డు దించి, రాగిసంగటి, నాటుకోడి పులుసు అని వేరేది రాయించాడు. నాతో సరిగా మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు. మొన్న ఆదివారం గురప్ప మామ వచ్చి, పేపరు ముక్క బల్లమీద పెట్టి, "సిద్ధమ్మా, రెండు తూర్లు పెట్టించుకున్నది నేనేనంట కదా," అన్నాడు. నేను ఆయన ముందు పళ్లెం పెట్టాను. ఆయన, "కోడిగుడ్ల పులుసుకు సాక్షి కావాలంటే ఈసారి నన్ను గూడా పిలుచుకోని పో," అని సంగటి పెట్టించుకుని తిన్నాడు. ప్రతాప్ అటు తిరిగి నవ్వాడు. అప్పటి నుంచి ఇంట్లో కొంచెం తేలికగా ఉంది. నలుగురు ఐదుగురు వస్తున్నారు. చేపలు మాత్రం ఇంకా అడగడం లేదు. వాళ్లది తప్పని ఎట్లా అంటాను?

భానుశ్రీకి చిత్తూరులో ఆసుపత్రి శిక్షణ ఉంటుందని ఒకసారి రాశావు. హాస్టలు దొరక్కపోతే మా ఇంట్లో ఉండమను. చిత్తూరుకు గంటలోపు బస్సు. జాహ్నవికి తోడుగా ఉంటుంది. నీకు ఇష్టమైతేనే. నామీద సగం కోపం ఉందన్నావు కదా, మిగిలిన సగంతో ఆలోచించి చెప్పు.

నీ చేతులు ఎలా ఉన్నాయి?

సిద్ధమ్మ


సన్నదిబ్బ కుప్పం,
జూన్ 4

సిద్ధక్కకు,

భానుశ్రీ మీ ఇంటికి వచ్చి ఆరు వారాలు దాటింది. అది రాసిన ఉత్తరంలో చదువు సంగతి నాలుగు ముక్కలు, మీ మామిడికాయ పప్పు సంగతి ఒక పేజీ. దాన్ని లావు చేసి పంపేటట్టు ఉన్నారు.

నా చేతులు మానాయి. చర్మం పలచబడింది, అంతే. చివరి జాబితాలో మా నలభై మంది పేర్లూ వచ్చాయి. అందులో మీ పాత్ర ఉందని ఇక్కడ అందరూ అంటున్నారు. నేనూ అంటాను.

ఆడవాళ్లం కూర్చుని ఒక మాట అనుకున్నాం. దిబ్బలు బాగుపడేదాకా ఎవరూ చిప్ప ఏరకూడదు. అంతదాకా కొందరు ఉప్పు కొఠారుల్లో, కొందరు సూళ్లూరుపేటలో పనులకు పోతున్నారు. అమావాస్య అమావాస్యకు ఉత్తరపు దిబ్బ నుంచి పది చిప్పలు తీసి, ఉత్త నీళ్లలో ఉడికించి ఒకరు రుచి చూడాలి. బాగున్నాయంటేనే తిరుపతికి పరీక్షకు పంపాలి. అక్కడ కూడా బాగున్నాయని కాగితం ఇస్తేనే అమ్మాలి. రుచి చూసే మనిషిగా నన్ను పెట్టారు. నేను వద్దన్నాను. కావేరి నా చేతిలో రాసింది: నీకు మేము ఏం చెప్పినా వినపడదు కదా, అందుకే.

నాకు నవ్వొచ్చింది. ఒప్పుకున్నాను.

మీ
ఆనందమ్మ


సన్నదిబ్బ కుప్పం,
అక్టోబరు 22

సిద్ధక్కా,

మొన్న అమావాస్యకు ఉత్తరపు దిబ్బ చిప్పలు తీశాం. ఇది ఐదోసారి. నాలుగుసార్లూ చిప్ప తెరవగానే వాసన తెలిసిపోయేది, మూసేసేవాళ్లం. ఎవరికీ ఆశ ఉండేది కాదు, కాబట్టి బాధా ఉండేది కాదు.

ఈసారి అలా కాదు. వానలు బాగా పడి నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఇసుక కనిపిస్తోంది. పసిచిప్పలు గోరంత గోరంతవి రాళ్లకు కొత్తగా అంటుకున్నాయి. పెద్ద చిప్ప తెరిస్తే మాంసం తెల్లగా, నిండుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉప్పు వాసన తప్ప ఏమీ లేదు. ఈ సంగతి ఎట్లా పాకిందో, దీపావళి పండగ రోజు కదా, నలభై మందీ వచ్చేశారు. బుట్టలు కడుక్కుని, కత్తులు నూరుకుని తెచ్చుకున్నారు. కావేరి ఇద్దరు పిల్లలకూ తలంటు పోసి తీసుకొచ్చింది.

వలల గుడిసె ముందు ఉడికించాం. నేను ఒకటి నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. నమిలాను, బాగుంది. మింగాక, నాలుక వెనకాల, చాలా సన్నగా, అది తెలిసింది. ఇంకొకటి తిన్నాను. మూడోది తిన్నాను. మూడింటిలోనూ ఉంది. తెలియని మనిషికైతే తెలియదు. మిరియాలు వేసి వేపితే నాకూ తెలియదేమో.

తల ఎత్తి చూస్తే నలభై ముఖాలు. అందరూ నా నోటినే చూస్తున్నారు. నేను అందరి పెదవులు చూసి బతికినదాన్ని. నా పెదవులను ఇంతమంది చూడటం ఎప్పుడూ లేదు. కావేరి పెద్దకొడుకు బుట్టలో కూర్చుని ఆడుకుంటున్నాడు. అక్కా, బాగున్నాయి అనే మాట నా నోటిదాకా వచ్చింది. పరీక్షకు పంపుతాం కదా, కాదనేది ఏదో వాళ్లే అంటారులే, పండగ పూట నేనెందుకు అనాలి అనుకున్నాను. నీళ్ల చెంబు ఎవరో నా చేతికిచ్చారు. తాగలేదు.

తర్వాత బాగలేవు అన్నాను. నా గొంతు నాకు వినపడదు. మాట బయటికి వచ్చిందో లేదో తెలియక, ఇంకోసారి అన్నాను. ముఖాలు మారాయి. అప్పుడు వచ్చిందని తెలిసింది.

కావేరి బుట్టలోంచి కొడుకును ఎత్తుకుని అక్కడే కూలబడింది. ఒకామె నామీద విసుక్కుని చెయ్యి విదిలించి పోయింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే బుట్టలు తీసుకున్నారు. పోతూ పోతూ కావేరి నా భుజం పట్టుకుని ఒక్కసారి గట్టిగా ఒత్తి పోయింది. అది కోపమో, మరేమిటో నాకు తెలియలేదు. పొద్దున తను వండిన పాయసం మాత్రం గిన్నెడు పంపింది.

నాకు మీరు గుర్తొచ్చారు. మెస్ వెనక ఆ పెట్టె ముందు మీరొక్కరే, మీ చుట్టూ ఎవరూ లేరు. నా ఉత్తరం ఒక్కటి ఉంది. చూసేవాళ్లు ఎదురుగా ఉన్న నాకే అంత కష్టమైతే, ఎప్పుడూ చూడని మనిషిని తలుచుకుని ఆ మాట రాయలేకపోయారంటే ఇప్పుడు నాకు వింతగా లేదు. మీరు చేసింది తప్పే. ఎంత కష్టమైన మాట దగ్గర తప్పారో మాత్రం మొన్న తెలిసింది. మిగిలిన సగం కోపం ఎప్పుడు పోయిందో గమనించలేదు. వెతికితే కనిపించలేదు.

ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. మీకు రాయబుద్ధి అయింది.

మీ చెల్లెలు,
ఆనందమ్మ